బొటనవేలు ఆనిన చోటు

లలితమ్మ వదిన మళ్ళీ అదే మాట చెబుతోంది, ఈసారి బెంచీ చివర కూర్చున్న ముసలాయనకు. ఆయనెవరో ఆమెకు తెలియదు, ఆయన అడగనూ లేదు. "మా ఎల్లేషే లేకపోతే మా ఆయన ఆ కుర్చీలనే పోయేటోడు. షాపుకు తాళం గూడ ఎయ్యలే, ఆటోల ఏసుకొని అర్ధగంటల తెచ్చిండు." ముసలాయన నన్ను చూసి మంచి పని చేశావన్నట్టు తల ఊపాడు. నేనూ తల ఊపాను. ఏం చేయను మరి, మూడు రోజులుగా ఇదే పని, ఎవరు మెచ్చుకుంటే వాళ్ళకు తల ఊపడం. దొంగకు తేలు కుట్టినట్టుంది నా పరిస్థితి, అరవడానికి లేదు, ఓర్చుకోవడానికీ లేదు. ఆటో సంగతి నిజమే, తాళం వేయని సంగతీ నిజమే. ఆటో ఎక్కించడానికి ముందు ఆ కుర్చీలో ఏం జరిగిందో వదినకు నేను చెప్పలేదు. పేపరు చదువుతున్నాడు, ఉన్నట్టుండి మూతి వంకరపోయింది అన్నాను. కటింగ్ షాపులో పేపరు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అందరూ నమ్మారు.

తలుపు పైన ఎర్ర బల్బు వెలుగుతోంది. పది దాటింది. లోపల బాలనర్సింహ అన్న మెలకువగానే పడుకుని ఉన్నాడు, అది తలుచుకుంటేనే నాకు భయం. మత్తిచ్చి పడుకోబెడతారనుకున్నాను. అట్లా కాదట, తొడ మొదట్లో సూదితో చిన్న రంధ్రం చేసి, అందులోంచి వెంట్రుకంత తీగ పంపి మెడ దాకా నడిపిస్తారట. మెడలో కుడివైపు రక్తనాళం బాగా పూడుకుపోయింది. ఆ పూడికలోంచి ఒక నలుసు ఊడి తలలోకి పోతేనే బుధవారం నాడు ఎడమవైపు మూతి జారి, ఎడమ చేయి పడిపోయింది. చేయి మర్నాటికి కొంచెం లేచింది, అదృష్టం. ఇవాళ ఆ ఇరుకులో జాలీ గొట్టం పెట్టి వెడల్పు చేస్తారు. వెడల్పు చేసేటప్పుడు ఇంకో నలుసు రేగితే ఈసారి చేయి ఒక్కదానితో పోదని డాక్టరమ్మ ముందే చెప్పి సంతకం పెట్టించుకుంది. అందుకే పైన గొడుగులాంటి ఛత్రీ పెడతారు అని నర్సు ఆఫియా పొద్దున మాకు విడమరిచి చెప్పింది. "ఛత్రీ అంటే ఛత్రీయే చాచా. బంద్ చేసి లోపలికి పంపిస్తరు, ఇరుకు దాటినంక ఖోల్తరు. రక్తం పోతది, చెత్త ఆగిపోతది. పని అయినంక మళ్ళ బంద్ చేసి చెత్తతోటే బయటికి గుంజేస్తరు." వదిన వెంటనే పాలు వడకట్టే జాలి అంది, ఆమెకు అదే తోస్తుంది, ఇంట్లో పన్నెండు బర్రెలు. నాకేమో గిరాకీ మెడకు చుట్టే గుడ్డ గుర్తొచ్చింది. వెంట్రుక లోపలికి జారకూడదని కదా చుట్టేది. ముప్పై ఏళ్ళుగా వెంట్రుకలకు అడ్డం గుడ్డ కడుతున్నాను, ఆ మెడ లోపల ఏం జారుతుందో ఒక్కనాడు ఆలోచించలేదు.

కీచుమంది. లోపల అన్న నొక్కాడు, చేయి పని చేస్తోంది. ఎడమ చేతిలో ఒక రబ్బరు బాతు పెట్టారు, చిన్నపిల్లల బొమ్మ, డాక్టరమ్మ అడిగినప్పుడల్లా నొక్కాలి. బాతు అరిస్తే తలలోకి రక్తం బాగా పోతున్నట్టు లెక్క. పొద్దున దాన్ని చేతిలో పెడితే అన్నకు సిగ్గేసింది. దీపావళి తర్వాత సదర్ పండుగకు దున్నపోతును వెనకకాళ్ళ మీద లేపి నిలబెట్టి, డప్పుల మధ్య దాని పగ్గం పట్టుకుని ఆడే మనిషి, బాతును పట్టుకుని ఇదేంది రా అన్నాడు నాతో. సదర్ మర్నాడు పొద్దున్నే వచ్చేవాడు నా షాపుకు, మెడ ఎటూ తిరగక, మనిషంతా ఒక్కటిగా తిరిగి చూస్తూ. జహనుమాలో మా సందు మొదట్లో అందరూ ఎదురుచూసేవారు, నేను మెడ విరిస్తే మోగే ఆ టక్ కోసం. టక్ మనగానే అన్న కళ్ళు మూసుకుని "ఇగ సాలు, ప్రాణం లేచొచ్చింది" అనేవాడు. గడ్డం గీయడం ఎవడికైనా వస్తుంది, కత్తెర ఎవడైనా ఆడిస్తాడు, మెడ విరవాలంటే ఎల్లేషే విరవాలి అని దబీర్‌పురా నుంచి కూడా జనం వచ్చేవారు. నేను వద్దనేవాణ్ణి కాదు. వద్దనడం ఎందుకు, ఆ మాట వినడానికే కదా నేను పొద్దున షట్టరు లేపేది.

స్పిరిటు వాసన. ఇక్కడ ఎటు కూర్చున్నా అదే వాసన, నా షాపులోనూ అదే, పటిక తడి, లోషన్, వేడినీళ్ళు. కళ్ళు మూసుకుంటే బుధవారం వస్తుంది. మంగళవారం మాకు సెలవు, అందుకని బుధవారం గిరాకీ ఎక్కువ, బెంచీ నిండా మనుషులు. అన్న పాలు పోసి ఎనిమిదింటికి వచ్చాడు. ఎడమ చేయి పొట్టకు ఆనించి పట్టుకున్నాడు, అది చూశాను, చూసీ చూడనట్టు గుడ్డ దులిపాను. "నిన్న చెయ్యి తిమ్మిరెక్కింది రా, చేతిలున్న చెంబు గట్లనే జారిపోయింది. మెడ పట్టినట్టుంది, జర గట్టిగ సూడు" అన్నాడు. నా నోటి నుంచి వచ్చిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "దానికి ఫికర్ ఎందుకన్నా, నేనున్న గద" అన్నాను. నేనున్నా కదా. ఏం ఉన్నాను, డాక్టరునా, దేవుణ్ణా. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ నోటినే నమ్ముకుని ఇంతకాలం గడిపాను. గడ్డం గీసి, పటిక రాసి, భుజాలు పిసికి, గదవ పట్టుకుని ఎడమకు తిప్పాను, టక్ మంది. కుడికి తిప్పాను. రాలేదు. కుడి దవడ కింద బొటనవేలు ఆనించి ఒక్క గుంజు గుంజాను, మెత్తగా పోయింది, చప్పుడు లేదు. అక్కడ ఆపాలి. ఆపితే సరిపోయేది. కానీ బెంచీ మీద ఎవరో "ఏందన్నా, ఇయ్యాల అయితలేదా" అని నవ్వారు. ఆ నవ్వు విన్నాక నేను మళ్ళీ పట్టుకున్నాను, ఇంకా లోతుగా, ఇంకా గట్టిగా, అన్న మెడ కోసం కాదు, ఆ నవ్వినవాడి కోసం. ఈసారి మోగింది. అందరికీ వినపడేట్టు మోగింది. నేను తలెత్తి ఆ నవ్వినవాడి వైపు చూశాను. ముందు అన్నను చూడలేదు, వాణ్ణి చూశాను. తర్వాత అద్దంలో చూస్తే అన్న పెదవి ఒక పక్కకు జారుతోంది, మా నాన్నకు చివర్లో జారినట్టు. నా చేతుల్లో తల ఒక్కసారి బరువెక్కింది.

మా నాన్న. ఆయన నాకు మెడ పని నేర్పింది తన మెడ మీదే. ముందు నా మెడ విరువు, నేను బతికుంటే అవతలోడిది ముట్టుకో అనేవాడు, నవ్వుతూ అనేవాడు. ఆయన ఏ మెడ పట్టుకున్నా ముందు అడిగేవాడు, తల తిరుగుతుందా, కళ్ళకు చీకట్లొస్తున్నయా, చేతులు తిమ్మిరెక్కుతున్నయా అని. ఒక్కదానికి అవునంటే గుడ్డ విప్పేసేవాడు. "ఇది నా పని గాదు, దవాఖాన పని" అనేవాడు. అట్లా ఎంతమంది గిరాకీని పంపేశాడో, నాకు చిన్నతనంగా ఉండేది. చేతగాని పని చేయనంటే పరువు పోతుందనుకునేవాణ్ణి. షాపు నా చేతికి వచ్చాక ఆ మూడు ప్రశ్నలు మానేశాను. అడిగితే గిరాకీ భయపడుతుంది, భయపడితే మెడ బిగబడుతుంది, బిగబడితే టక్ రాదు. ఇంత లాజిక్కు తీశాను. అన్న అయితే నేను అడగకుండానే చెప్పాడు, తిమ్మిరెక్కిందని. నాన్న ఆ మాట వింటే చాలు, కత్తి కడిగి పక్కన పెట్టి ఆటో పిలిచేవాడు. నేనూ ఆటో పిలిచాను, విరిచిన తర్వాత.

"ఛాయ్ తాగుతవా" అంది వదిన. వద్దన్నాను. ఆమె ఒళ్ళో అన్న చొక్కా ఉంది, మడత పెట్టి, దాని మీద గడియారం, మెడలోని నరసింహస్వామి తాయెత్తు. లోపల లోహం ఉండకూడదని తీసిచ్చారు. ఆమె ఆ తాయెత్తును వేలితో తిప్పుతూ నాకోసం కూడా మొక్కుకున్నానంది, ఎల్లేషు చేతులు సల్లగుండాలె అని. నా చేతులు. వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికి పోతే యశోద వేళ్ళ వైపు చూస్తుంది, అన్నం ఎందుకు కలుపుతూనే ఉన్నావు తినకుండా అంటుంది. పెళ్ళానికి కూడా చెప్పలేదు. బెంచీ మీద కూర్చుని చూసినవాళ్ళు కూడా, మెడ విరవడం రోజూ చూసేదే కాబట్టి, దానికీ దీనికీ ముడిపెట్టలేదు. షాపు మూడు రోజులుగా తెరవలేదు, అన్న కోసం తిరుగుతున్నాడని బస్తీ అంతా అనుకుంటోంది. ఇది కూడా నా మంచితనం కిందే జమ అయింది. నిజం చెప్పాలంటే కత్తి పట్టుకోబుద్ధి కావడం లేదు.

కీచుమంది మళ్ళీ. బాగుంది. బుధవారం సాయంత్రం డాక్టరమ్మ వార్డుకు వచ్చి అడిగింది, అంతా అడిగింది, షుగరుందా, బీడీ తాగుతారా, ఎక్కడైనా పడ్డారా, ఎవరైనా మెడ గట్టిగా నొక్కడం కానీ తిప్పడం కానీ చేశారా. చివరి మాట అంటూ కాగితం మీద నుంచి తలెత్తింది. వదిన అప్పుడు మంచం కాళ్ళ దగ్గర ఉంది, చెంబులో నీళ్ళు వంచుతోంది. నేను తలగడ పక్కన ఉన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చేతులు వెనక్కు పోయాయి. ఆమె నన్ను అడగలేదు, అన్నను అడిగింది. అన్న నా వైపు చూశాడు. వంకర మూతితో, నత్తిగా, "లేదమ్మా" అన్నాడు. ఆమె రాసుకుంది, లేదు అని. ఆమె వెళ్ళాక, వదిన మందుల కోసం కిందికి దిగాక, అన్న నా చొక్కా అంచు పట్టుకుని దగ్గరకు గుంజాడు. "నేను జెప్పలే. నువ్వు గూడ జెప్పకు. మా తమ్ముండ్లకు ఎర్కైతే నీ షాపు మీదికొస్తరు. లొల్లి ఎందుకు." మాట సరిగా తిరగడం లేదు, ఒక్కో మాటకు లాలాజలం కారుతోంది, నేను తుడుస్తున్నాను. అట్లా తుడుస్తూ సరే అన్నాను. సరే అనడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. వద్దన్నా, నేను చెప్తా అని ఒక్కసారి మాటవరసకైనా అనలేదు. తమ్ముళ్ళు షాపు పగలగొడతారని ఆయన భయపడ్డాడు. నేను భయపడింది అద్దాలకు కాదు. మెడ విరిస్తే ఎల్లేషే విరవాలి అనే ఆ మాటకు. అది పోతే నా దగ్గర ఇంకేముంది, అందరికీ వచ్చిన కత్తెర.

తలుపు తెరుచుకుంది. ఆఫియా వచ్చింది, మాస్కు గదవ కిందికి లాగి. మేమిద్దరం లేచి నిలబడ్డాం. "అంతా మంచిగనే ఉంది చాచీ, పరేషాన్ కాకండి. తీగ మెడ దాక వచ్చింది. ఇప్పుడు ఛత్రీ పంపిస్తరు. ఇంకో అర్ధగంటల అయిపోతది" అని తిరిగి వెళ్ళబోయింది. నేను ఊరికే అడిగాను, నిజంగా ఊరికే, నోట్లో ఏదో ఒక మాట ఆడాలని. "ఆ ఛత్రీ యాడ ఖోల్తరు బిడ్డా" అన్నాను. ఆమె తన మెడ మీదే చూపించింది. గొంతు పక్కన వేలు పెట్టి, "ఇరుకు ఇక్కడుంది" అంది. అక్కడి నుంచి వేలిని పైకి జరిపి, చెవి కింద, దవడ ఎముక మలుపు వెనక ఆపింది. "ఛత్రీ ఇక్కడ."

అది నా చోటు. చీకట్లో పెట్టమన్నా నా బొటనవేలు అక్కడే పోయి ఆనుతుంది. ఎన్ని వందలసార్లు ఆనిందో అన్న మెడ మీద, బుధవారం రెండుసార్లు, రెండోసారి లోతుగా. లోపల ఏమైందో నాకేం తెలుసు, నేను చదువుకున్నవాణ్ణి కాదు, కానీ బయట చర్మం మీద అంత గుంజితే లోపల సన్నటి గొట్టం ఏమవుతుందో ఊహించడానికి చదువెందుకు. అక్కడ చిరిగి ఉంటే. చిరిగిన చోట తీగ పొడిస్తే, ఆ పొడిచిన చోట గొడుగు విప్పితే. డాక్టరమ్మకు తెలియదు, ఆమె కాగితంలో లేదు అని ఉంది. లేదు అని రాయించింది మేమిద్దరం. అన్న నన్ను కాపాడడానికి, నేను నన్ను కాపాడుకోవడానికి. ఆఫియా అప్పటికే తలుపు నెట్టింది. "బిడ్డా, జర ఆగు" అన్నాను. "డాక్టరమ్మకు చెప్పు. బుధారం నాడు ఆయన మెడ నేను విరిచిన. రెండుసార్లు. ఆ జాగల్నే పట్టుకొని."

"విరిచిన అంటే?" అంది ఆమె. మాటతో చెప్పలేకపోయాను. చేతులు గాల్లోకి లేపి చూపించాను, ఎడమ చేయి తల వెనక, కుడి చేయి గదవ కింద, బొటనవేలు పైకి, ఒక్క గుంజు. ఖాళీ గాలిని విరిచాను. ఆఫియా నా చేతులను చూసింది. వదిన కూడా చూసింది. ముసలాయన కూడా. "ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే చాచా" అని, నా జవాబు కోసం ఆగకుండా నా మోచేయి పట్టుకుని పక్కగదిలోకి తీసుకుపోయింది. వదిన వైపు తిరిగి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

పక్కగదిలో పెద్ద అద్దం, అద్దం అవతల అన్న. పచ్చగుడ్డ కింద పెద్ద శరీరం, ఎడమ చేయి ఒక్కటే బయటికి, చేతిలో పసుపు బాతు. టీవీ తెర మీద నల్లటి గీత మెడలో పైకి ఎక్కుతోంది. డాక్టరమ్మ గొంతు స్పీకరులోంచి వచ్చింది, కోపం లేదు, తొందర ఉంది. ఎటు తిప్పారు. కుడికి. ఎంత గట్టిగా. గట్టిగానే అమ్మా. తిప్పిన వెంటనేనా మూతి వంకరపోయింది, కాసేపటికా. వెంటనే. అంతకుముందు ఏమైనా చెప్పాడా ఆయన. ముందురోజు చేయి తిమ్మిరెక్కిందన్నడమ్మా. ఒక్కో జవాబూ మైకులోంచి ఆ గదంతా వినిపిస్తోందని నాకు సగంలో తెలిసింది, ఎందుకంటే అన్న కళ్ళు అద్దం వైపు తిరిగాయి. తల కదపకూడదు ఆయన, కళ్ళు మాత్రమే తిరిగాయి. ఎవరూ అడగకుండానే బాతు ఒకసారి కీచుమంది. డాక్టరమ్మ యంత్రాన్ని ఇంకోవైపు వంచి మళ్ళీ రంగుమందు పంపింది. గీత పైకి ఎక్కి, ఒకచోట దారమంత సన్నబడి, మళ్ళీ లావై, దవడ కిందికి వచ్చాక ఒక పక్క అంచు మసకగా, చెరిగిపోయినట్టు కనపడింది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత పక్కనున్న డాక్టరుతో ఇంగ్లీషులో ఏదో అంది, నాకు అర్థమైంది ఒక్కటే, ఫిల్టర్ వద్దు అని.

మళ్ళీ బెంచీ. ఆఫియా నిలబడే చెప్పింది, ఈసారి మా ఇద్దరి ముఖాల వైపు చూడకుండా. "ఛత్రీ పెడ్తలేరు. అక్కడ గోడ చీలినట్టు కనవడుతుంది అంటున్నరు. కింది నుంచే రెండు చిన్న బెలూన్లు ఉబ్బించి, ఆ నరంల రక్తం కొంచెం సేపు ఆపేస్తరు. రక్తం ఆగితే నలుసు పైకి పోదు గద. గొట్టం పెట్టినంక ఆ మురికి రక్తం బయటికి గుంజి, అప్పుడు బెలూన్ వదుల్తరు." ఆపితే తలకు రక్తం ఎట్లా అంది వదిన. "ఎడమ దిక్కు నుంచి పోతది చాచీ. సరిపోతదా లేదా అన్నది బాతును బట్టి చూస్తరు. అయిదారు నిమిషాలు, అంతే." ఆమె వెళ్ళిపోయింది. అయిదారు నిమిషాలు. నేను ఒక గడ్డానికి నురగ పట్టించేంత సేపు. వదిన నా పక్కన, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది, దూరం జరగలేదు. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది. తిట్టొచ్చు కదా. లేచి అవతల బెంచీ మీదికి పోవచ్చు కదా. కీచుమంది. ఆపారో లేదో తెలియదు. నేను లెక్కపెట్టకుండా ఉండడానికి గోడ మీద రంగు చూశాను, గుండె బొమ్మ చూశాను, మళ్ళీ బల్బు చూశాను. చప్పుడు లేదు. డాక్టరమ్మ గొంతు లోపలి నుంచి, నొక్కండి, బాలనర్సింహ గారూ, నొక్కండి. చప్పుడు లేదు. దేవుడా, ఆ చేయికి బదులు నాది తీసుకో, నా రెండు చేతులూ తీసుకో, ఇంక వీటితో నాకు పని లేదు. నొక్కండి. కీచుమంది, సన్నగా, సగం. సగం చాలు, సగం చాలన్నా, ఇంకొక్కసారి.

"మంగళారం పొద్దుగాల" అంది వదిన. ఎవరితో అంటోందో అర్థం కాలేదు, ఆమె ఒళ్ళోని చొక్కాతో అంటున్నట్టుంది. "పాలు పిండుతుంటే చెంబు జారిపడ్డది. దవాఖానకు పోదాం లలితా అన్నడు. ఎన్నడూ అననోడు, అన్నడు. నేనే వద్దన్న. గింత దానికి దవాఖాన ఏంది, ఇయ్యాల మంగళారం, రేపు ఎల్లేష్ షాపు తెరుస్తడు, పోయి మెడ విరిపించుకో, పోతది అన్న. ఒక దినం గట్లనే ఉన్నడు, నీ షాపు కోసం." తాయెత్తును పిడికిట్లో మూసింది. "పేపరు చదువుతుంటే అయిందంటివి. ఆయన నీ షాపుల పేపరు ఎప్పుడు చదివిండు? ఆయనకు చదువొస్తదా? నాకు బుధారమే ఎర్క. డాక్టరమ్మ అడిగితే నేను గూడ చెంబుల నీళ్ళు వంచుకుంట నిలవడ్డ." మూడు రోజులుగా ఆమె బెంచీ బెంచీకీ నన్ను పొగిడింది నన్ను నమ్మి కాదు. ఎవరైనా అడగకముందే తన నోటితో కథ గట్టిగా కట్టేసుకుంటోంది. ఆమె పంపిందని తెలిస్తే నా బరువు సగం తగ్గాలి కదా, తగ్గలేదు. పంపింది నా పేరును నమ్మి. ఆ పేరును ముప్పై ఏళ్ళు నేనే మోగించుకున్నాను, టక్ టక్ మని. "నువ్వు పంపితే ఏందొదినా, విరిచింది నేను" అన్నాను. ఆమె నా వైపు తిరిగింది, మొదటిసారి, కళ్ళు ఎర్రగా. "అవ్. విరిచింది నువ్వే" అంది. ఓదార్పు ఇవ్వలేదు. ఇస్తే తీసుకునేవాణ్ణి, నాకు సిగ్గులేదు.

లోపల బాతు గట్టిగా అరిచింది, రెండుసార్లు వరుసగా. కాసేపటికి బల్బు ఆరింది. డాక్టరమ్మ బయటికి వచ్చింది, టోపీ తీయకుండానే, చేతిలో ఒక తెల్ల గుడ్డ ముక్క. దాని మీద నలుసులున్నాయి, పసుపు పచ్చగా, ఉప్మారవ్వ కంటే చిన్నవి, గుంజి తీసిన రక్తంలోంచి వడకట్టినవట. ఇవే పైకి పోకుండా ఆపినవి అంది. చీలిక చిన్నదే, దాని మీదుగా కూడా గొట్టం సరిపోయింది, మాట, చేయి రెండూ బాగున్నాయి అంది. వదిన ఆ గుడ్డకు దండం పెట్టింది. నేను అడగాల్సింది అడిగాను, ఆ చీలిక నా వల్లేనా అమ్మా అని. ఆమె ఆ గుడ్డను మడిచింది. "చెప్పలేను. ముందే ఉండొచ్చు, మీరు తిప్పినప్పుడు అయ్యుండొచ్చు. కానీ ఫిల్టర్ అక్కడ తెరిచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకిష్టం లేదు. ఇవాళ చెప్పారు, మంచిది. బుధవారమే చెప్పాల్సింది." అంతే అని వెళ్ళిపోయింది. చెప్పలేను. ఆమె అవునని ఉంటే ఒక శిక్షలాగా మోసేవాణ్ణి, కాదని ఉంటే దించుకునేవాణ్ణి. ఇప్పుడు రెండూ లేవు, బతికినంతకాలం నేనే ఒక్కోరోజు ఒక్కోరకంగా తీర్పు చెప్పుకోవాలి.

"బయటికి తెస్తున్నరు" అంది వదిన లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "ఇగ మెడ ముట్టనని నువ్వే చెప్పు. నేను జెప్తే వినడు." ట్రాలీ వచ్చింది. అన్న ముఖం పాలిపోయి ఉంది, మూడు రోజుల గడ్డం, పెదవి ఇంకా కొంచెం పక్కకే ఉంది. నన్ను చూసి, "చెప్పకంటే చెప్పినవ్ గద రా" అన్నాడు, మాట దాదాపు సాఫుగా వచ్చింది. తప్పైందన్నా అన్నాను. చెప్పినందుకు కాదు, విరిచినందుకు, తిమ్మిరి మాట విన్నా విననట్టున్నందుకు, అన్నిటికీ, ఏది ముందు చెప్పాలో తెలియక ఒక్క మాటే వచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను ట్రాలీ ఇనుప కడ్డీ పట్టుకుని వంగి చెప్పాను, వదిన వినేలాగే. "గడ్డం జేస్త, కటింగ్ జేస్త, ఇంటికొచ్చి జేస్త. మెడ మాత్రం ఇగ ముట్టనన్నా. నీది గాదు, ఎవ్వలిదీ ముట్ట." అన్న కళ్ళు తెరవకుండానే నవ్వాడు, పట్టు తప్పిన పెదవితో. "నువ్వు ముట్టకపోతే ఏంది, ఇంకోడు ముడ్తడు. మెడ పట్టుకుంటే ఎవడో ఒకడు విరవాలె గద."

అది హాస్యమే, కానీ నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అది నిజం. మా సందు నుంచి ఫలక్‌నుమా స్టేషను దాకా ఎన్ని షాపులు, అందులో సగం మంది ఈ పని నా కుర్చీ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవాళ్ళే. రేపో ఎల్లుండో ఈ మెడ మళ్ళీ పట్టుకుంటుంది, ఈయన ఏదో ఒక కుర్చీలో కూర్చుని గట్టిగ సూడు అంటాడు. ఈ మెడ కాకపోతే ఇంకో మెడ. నేను ముట్టకపోతే సరిపోదు. ప్రతి షాపు మెట్లెక్కి, గిరాకీ నిండుగా ఉన్నప్పుడే ఎక్కి, అందరూ వినేట్టు చెప్పాలి, బుధవారం నేను ఏం చేశానో, ఎవరు నవ్వితే రెండోసారి చేశానో, నాన్న అడిగే మూడు ప్రశ్నలేమిటో. చెప్పినప్పుడల్లా ఎవడో ఒకడు తమ్ముళ్ళకు చేరవేస్తాడు, చేరవేయనీ. ట్రాలీ వార్డు వైపు మలుపు తిరిగింది. తలగడ జారుతుంటే సర్దడానికి చేయి చాపి, ఆయన మెడ దాకా పోయాక వెనక్కి తీసుకున్నాను. వదిన సర్దింది. మొదట ఎవరి షాపుకు పోవాలో ఆలోచించుకుంటూ వాళ్ళ వెనక నడిచాను.